కారు టాపుకి యూనిఫారం కొలత

ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో నాలుగు తలుపులూ బార్లా తెరిచిన పాత కారు. మధ్యాహ్నం రెండు దాటింది. ముందు సీట్లో ఇంటాయన. ఆయన నెత్తి మీదుగా చేతులు చాచి, టాపు లోపల జారిన పైగుడ్డలోంచి గుండుసూదులు పీకుతూ ఆయన బావమరిది, టైలరు.

"పీకకు అంటుంటే వినవేంరా కత్తెరా! ఇంకో నాలుగు సూదులు గుచ్చితే నిలబడే గుడ్డకి ఇంత ఆపరేషనా?"

"నాలుగా బావా? ఇప్పటికే నూట పన్నెండు పీకాను, ఇంకా వెనక సీటు వైపు పోనే లేదు. కారెక్కానో, ముళ్ళపంది కడుపులో దూరానో తెలియడం లేదు నాకు."

"ఒక్కరోజున గుచ్చినవా అవి? ఆరేళ్ళ కృషి. ఎక్కడ జారితే అక్కడ ఒకటి."

"ఆ కృషే పోయిన నెల లైసెన్సు ఆఫీసరు నెత్తిన పడిందట. అక్క చెప్పింది."

"నెత్తిన పడింది గుడ్డ. సూది పడింది చొక్కా కాలరులో. జరిగింది జరిగినట్టు చెప్పాలి."

"మీరేదో చూసినట్టు! ఆ రోజు పరీక్షకి మీరు వెళ్ళనే లేదుగా?"

"నడుం పట్టేసింది. డ్రైవింగు మాస్టారు వెళ్ళాడు, ఆయనే వచ్చి చెప్పాడు. ఆఫీసరు దర్జాగా పక్కన కూర్చుని 'పోనివ్వమ్మా' అన్నాడట. మీ అక్క పోనిచ్చింది. కిటికీలోంచి గాలి దూరి పైగుడ్డ తెరచాపలా ఉబ్బిందట. ఉబ్బి, దిగి, ఆయన మొహాన్ని పూర్తిగా కప్పేసిందట. ఆయన గుడ్డ లోపల్నించే 'ఎడమకి తిప్పు, కుడికి తిప్పు' అంటున్నాడు. ఊరు కనిపించనివాడు దారి చెబుతున్నాడు. చివరికి దిగేటప్పుడు గుడ్డ కూడా ఆయనతో పాటే ఆఫీసు మెట్ల దాకా నడిచి వెళ్ళిందట!"

"కోతలు కాస్త తగ్గించండి బావా."

"కోతేంరా? మాస్టారు వెనకాలే పరిగెత్తి మడిచి తెచ్చాడట."

"ఏమండీ! ఆ కథ ఎంతమందికి చెబుతారు? చెప్పినప్పుడల్లా గుడ్డ గజం పెరుగుతోంది. ఒరేయ్ తమ్ముడూ, మీ బావ నోటికి కాదు, నీ స్క్రూడ్రైవరుకి పని చెప్పు. రేపు పదింటికి నేను ఆఫీసులో ఉండాలి."

"ఉంటావులే అక్కా."

"ఉంటావులే కాదు. నా ఎల్ బోర్డు కాగితానికి రేపే ఆఖరు రోజు. రేపు కాలేదంటే మళ్ళీ మొదట్నించీ రావాలి. అర్జీ, రాతపరీక్ష, కళ్ళ డాక్టరు, అన్నీ. ఆఫీసరు ఒకటే మాట చెప్పాడు. 'అమ్మా, మీరు బాగానే నడిపారు. పైగుడ్డ బాగుచేయించి తీసుకురండి. ఈ గుడ్డ కింద మాత్రం నేను మళ్ళీ తల పెట్టను' అన్నాడు. పరీక్షకి సొంత కారే తేవాలట, వేరే కారు పనికిరాదు."

"సీట్ల షాపులో ఇవ్వొచ్చుగా? నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకునేవాణ్ణి."

"వాడు పదిరోజులు అన్నాడు. నేను నెలరోజుల్నించీ మొత్తుకుంటున్నాను మీ బావతో. ఈ షాపువాడు మంచివాడు కాదంటారు, ఆ షాపువాడు ఊళ్ళో లేడంటారు, ఇంకోడికి పనితనం లేదంటారు. నెల గడిచిపోయింది, గుడ్డ ఇంకో జానెడు దిగింది."

"తొందరపడి పాడుచేస్తారని ఆగానోయ్. పాత కారు. దానికో గౌరవం ఉంది."

"దాని గౌరవం జారి నా కొప్పు మీద పడి ఆరేళ్ళయింది."

"అసలు ఈ వయసులో నీకీ మోజేమిటోయ్? వీధి చివర కూరల బండి దాకా కారులో వెళ్తావా? నేను లేనా? ముప్పై ఏళ్ళు నడిపాను, ఒక్క గీత పడిందా దీని మీద?"

"ఎడమ తలుపు మీద ఉన్నదేంటి మరి?"

"అది గోడ చేసిన పని."

"సరే, గోడతో మీరు తర్వాత మాట్లాడుకోండి. నేను టీ పెడతాను. వచ్చేసరికి పైగుడ్డ అంటించి ఉన్న ఆ అట్ట బయట ఉండాలి తమ్ముడూ."

"ఉంటుందక్కా. బావా, మీ వైపు ఎండ తెర విప్పండి. చేతిపిడులు నాలుగూ, లైటూ నేను విప్పాను. అన్నీ ఈ డబ్బాలో వెయ్యండి, స్క్రూ ఒక్కటి పోయినా రేపు టకటకమంటుంది."

"ఒరేయ్, నాకో ఉపాయం తోచింది. ఇంత గొడవ లేకుండా, ఆ ఆఫీసరుకే ఒక హెల్మెట్టు ఇస్తే?"

"ఆయనకి తలపాగా చుడితే? గొడుగు పడితే? ఎండ తెర విప్పండి బావా."

"విప్పుతున్నా. తుప్పు పట్టింది."

"అది అటు తిప్పితే బిగుస్తుంది. ఇటు తిప్పాలి."

"ఇటేగా తిప్పుతున్నది."

"అటు తిప్పుతున్నారు. జరగండి, నేను విప్పుతాను. ఇక అట్ట ఒక్కటే అంచుల్లో ఇరుక్కుని ఉంది."

"ఉండనీరా. అది అక్కడ సుఖంగా ఉంది."

"రెండు ముందు సీట్లూ వెనక్కి పడుకోబెట్టండి. వెనక తలుపులోంచి ఏటవాలుగా లాగుదాం. వంచకండి, విరుగుతుంది."

"విరిగితే?"

"అంత ఆశగా అడుగుతారేంటి బావా?"

"ఆశ కాదురా, జాగ్రత్త."

"మెల్లగా... నా వైపు... ఇంకాస్త... ఏంటిది, రావడం లేదు? బావా, మీరు లాగుతున్నారా, తోస్తున్నారా?"

"సమంగా."

"సమంగా అంటే?"

"నువ్వు లాగినంత నేను తోస్తున్నా."

"వదిలెయ్యండి! మీరు వదిలెయ్యండి చాలు! ఆఁ... వచ్చింది. అబ్బా, ఏమిటీ దుమ్ము, గొంతంతా..."

"పాతకాలపు దుమ్మురా. దొరకదు ఇప్పుడు."

"స్పాంజి బావా ఇది. గుడ్డకీ అట్టకీ మధ్యన ఉండేది. పిండైపోయింది. పట్టుకోవడానికి కింద ఏమీ లేకపోతే మీరు వెయ్యి సూదులు గుచ్చినా గుడ్డ దేన్ని పట్టుకుంటుంది? ఇదంతా బ్రష్షుతో గీకి, అట్ట శుభ్రం చెయ్యాలి."

"అంతా గీకాలా? అయితే రేపటికి కాదులే. మీ అక్కకి నేను నచ్చచెబుతాను."

"గంటలో అవుతుంది. ఇదిగో, మీకో బ్రష్షు. నోరు మూసుకుని గీకండి, లేకపోతే సగం స్పాంజి మీ కడుపులోకి పోతుంది."

"నేను నోరు మూసుకుని చేసిన పని ఇంతవరకూ లేదు. ఇదే కారులో, కొండ దిగుతుంటే ముందుకి పోయే గేర్లన్నీ ఒకేసారి పడిపోయాయి తెలుసా? ఏం చేశాననుకున్నావు? బండి తిప్పి, పన్నెండు మైళ్ళు రివర్సులో దిగాను. ఎదురొచ్చిన బస్సు డ్రైవర్లు దిగి నిలబడి దండాలు పెట్టారు."

"పోయినసారి ఆరు మైళ్ళన్నారు."

"పోయినసారి నువ్వు తొందరలో ఉన్నావు, సగం దారిలో ఆపేశాను."

"గీకండి, గీకండి. నేను టేపు పట్టి కొలత తీసుకుంటాను. మీరు రాసుకోండి. పొడుగు, ముందు నుంచి వెనకకి... యాభై ఎనిమిది. భుజం నుంచి భుజానికి నలభై ఐదు."

"భుజమేంట్రా?"

"అదే, ఈ తలుపు నుంచి ఆ తలుపుకి. నడుం దగ్గర నలభై రెండు."

"చంక కొలవవా?"

"వెక్కిరించకండి. కొలత అంటే కొలతే. నేను వరండాలో మిషను దగ్గర కూర్చుంటాను. గుడ్డ తెచ్చుకున్నాను, నాదే మంచి గుడ్డ. మీరు ఈలోపు గీకడం పూర్తిచెయ్యండి. తోయడం, లాగడం లాంటివి పెట్టుకోకండి."

"వెళ్ళు, వెళ్ళు. మిషను నెమ్మదిగా తొక్కు. తొందరేం లేదు."

"అక్కా! బావా! ఇటు రండి ఇద్దరూ. గంటన్నర పట్టింది గానీ చూడండి ఎలా ఉందో."

"...ఇదేంట్రా తమ్ముడూ?"

"పైగుడ్డ."

"నీలం గళ్ళు!"

"మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఆడపిల్లలదక్కా. గట్టి గుడ్డ. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదు."

"కారు టాపుని ఎవరు ఉతుకుతార్రా?"

"ఉతక్కపోతే మరీ మంచిది. చూడు, జిగురూ గిగురూ లేకుండా దిండు గలేబులా కుట్టాను. వెనకాల నాడా. అట్టకి తొడిగి ముడెయ్యడమే. నలభై ఏళ్ళు మిషను తొక్కినవాణ్ణి, గుడ్డకి జిగురు పుయ్యమంటే నాకు చెయ్యి రాదక్కా. అది పోస్టర్లు అంటించేవాళ్ళ పని."

"సరే, తొడిగి చూపించు."

"ఇదిగో, తొడిగాను. బావా, ఆ వైపు ఎత్తండి, టాపులో ఉన్నట్టు తలకిందులుగా పట్టుకుందాం. ఆఁ. ఎలా ఉంది?"

"ఒరేయ్. మధ్యలో ఆ పొట్ట ఏంట్రా?"

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ! పిల్లిని పడుకోబెట్టొచ్చు ఇందులో."

"పొట్ట కాదక్కా అది. లూజు. బావా, మీరు నవ్వకండి, అట్ట ఊగుతోంది."

"లూజు ఎందుకు వదిలావు?"

"వదలాలిగా. చుట్టూ నాలుగేసి వేళ్ళు. పెరుగుతారు కదా."

"ఎవరు పెరుగుతారు?"

"పిల్ల..."

"కారు పెరుగుతుందట్రా?"

"...చెయ్యి అలవాటక్కా. బడి తెరిచినప్పుడు కుట్టిన గౌను బడి మూసేదాకా రావాలంటారు తల్లులు. కొలత తీస్తే చాలు, నేను వద్దన్నా కత్తెర తనంతట తనే నాలుగువేళ్ళు కలుపుకుంటుంది."

"శభాష్ కత్తెరా! మంచి పని చేశావు. ఈ కారు బాగా తిని, ఏపుగా ఎదిగి, వచ్చే ఏడాదికి బస్సయినా గుడ్డ మార్చక్కర్లేదు."

"మీరు ఆగండి. తమ్ముడూ, ఈ మూల ఏంటి ఇది?"

"జేబు."

"టాపుకి జేబా!"

"ఎడమవైపు ఒకటి ఉంటుంది కదక్కా ఎప్పుడూ."

"లైటు పెట్టే కంత చుట్టూ ఈ కుట్టు?"

"కాజా."

"కాజా కూడా కుట్టాడోయ్! ఇంకేం, జడ వేసి, వీపుకి సంచీ తగిలించి, కారుని బడికి తోలడమే!"

"మీరు ఒక్క పని చెయ్యరు గానీ నవ్వడానికి ముందుంటారు. తమ్ముడూ, నాడా తెంపెయ్. కుట్లు విప్పు. నాలుగువేళ్ళూ కత్తిరించు. జిగురు నేను నిన్ననే తెచ్చిపెట్టాను. సీట్ల షాపువాణ్ణి అడిగి తెలుసుకుని మరీ వచ్చాను. అట్టకీ పుయ్యాలి, గుడ్డకీ పుయ్యాలి. పూశాక, వేలు పెడితే అంటుకోకుండా చిటచిటమనేదాకా ఆగాలి. అప్పుడు పరిచి, మధ్యలోంచి అంచులకి నొక్కుకుంటూ పోవాలి. ముందే పరిచామంటే జిగురు గుడ్డలోంచి పైకి ఊరుతుంది. ఆలస్యమైతే ఎండిపోయి ఇక చచ్చినా పట్టదు. డబ్బా ఒకటే ఉంది, ఈ ఊళ్ళో ఇంకోటి దొరకలేదు. గుర్తుపెట్టుకో."

"జేబు విప్పనా, ఉంచనా?"

"ఉండనీలే. మీ బావ లైసెన్సు పెట్టుకోవడానికి పనికొస్తుంది. అన్నట్టు ఏమండీ, రేపు అది తీసుకురావాలి, గుర్తుందిగా? మాస్టారు ఊళ్ళో లేడు, మీరే రావాలి. ఎల్ బోర్డు వాళ్ళ పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళు కూర్చుంటేనే గేటులోకి రానిస్తారు. అక్కడే తీసి చూపించాలి. ఎక్కడుంది?"

"ఏది?"

"లైసెన్సు."

"ఎవరిది?"

"మీదేనండీ. నాకే ఉంటే ఈ తిప్పలెందుకు?"

"ఉంటుంది. ఎక్కడికి పోతుంది?"

"అదే, ఎక్కడుంది?"

"భద్రంగా ఉంది."

"భద్రంగా ఎక్కడ?"

"భద్రమైన చోటే. ఇందాక టీ అన్నావు, ఏదీ?"

"తాగారుగా."

"ఇంకోటి తాగుదాం. పని చేశాం కదా."

"సరే, పెట్టి తెస్తాను. ఈలోపు తీసి పెట్టండి."

"అక్క వెళ్ళింది. కుట్లు విప్పి లూజు కత్తిరించేశాను, రండి బావా. గుడ్డకి నేను పూస్తాను, అట్టకి మీరు పుయ్యండి. పలచగా, అంతటా సమానంగా... బావా? బ్రష్షు పట్టుకుని అలా నిలబడిపోయారేం? సరే, అదీ నేనే పూస్తాను."

"ఒరేయ్ కత్తెరా."

"ఊఁ."

"ఆ లూజే బాగుందిరా."

"ఏ లూజు?"

"అదే, ఆ పొట్ట. దానికో అందం ఉంది. ఎందుకు విప్పావు? అలాగే తొడిగేద్దాం."

"ఆ అందం రేపు ఆఫీసరు ఒళ్ళో కూర్చుంటుంది. అక్కని మళ్ళీ వెనక్కి పంపిస్తాడు."

"పంపితే పంపనీ."

"ఏంటీ?"

"ఏం లేదు."

"ఇందాకట్నించీ చూస్తున్నాను బావా. సూదులు పీకొద్దంటారు. నేను లాగితే మీరు తోస్తారు. అట్ట విరుగుతుందేమో అని దాని మొహం చూస్తూ కూర్చుంటారు. అక్క కారు నడిపితే మొగుడిగా మీ దర్జాకి లోటా?"

"ఛ, అది కాదురా. మీ అక్క నాకంటే బాగా నడుపుతుంది. రివర్సు మరీను."

"మరి?"

"రేపు గేటు దగ్గర లైసెన్సు తీసి చూపించాలట."

"చూపించండి."

"ఏది చూపించను?"

"లైసెన్సు."

"అదేరా, ఏది?"

"పోగొట్టుకున్నారా? దానికేముంది, నకలు ఇస్తారు."

"పోగొట్టుకోవాలంటే ముందు ఉండాలి కదరా."

"అంటే... అసలు తీసుకోనే లేదా?"

"అలా నోరు తెరుచుకుని చూడకు. జిగురు వాసన లోపలికి పోతుంది."

"ముప్పై ఏళ్ళు బావా!"

"ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటి!"

"గట్టిగా అరవకు, లోపలికి వినబడుతుంది. పరీక్షకి వెళ్ళకపోలేదురా. పెళ్ళికి ముందు, మూడుసార్లు వెళ్ళాను. ముందుకి బాగానే పోయేది. వెనక్కి అనేసరికి నా చేతులు నా మాట వినేవి కావు. మూడోసారి ఆఫీసరు ఒక్క ముక్క కూడా అనకుండా, పరీక్ష మధ్యలో తలుపు తీసుకుని దిగి, ఎండలో నడిచి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఇంటికి వస్తే మా నాన్న గుమ్మంలో నిలబడి 'వచ్చిందా?' అన్నాడు. 'ఆఁ' అన్నాను. ఆ ఒక్క అక్షరం మీద ముప్పై ఏళ్ళు కారు నడిపానురా."

"మరి ఆ పన్నెండు మైళ్ళ రివర్సు?"

"నువ్వు నమ్మావా?"

"ఆరు దాకా నమ్మాను."

"పిచ్చివాడా."

"పోలీసులు ఎప్పుడూ ఆపలేదా?"

"దూరాన్నించే కనిపిస్తారుగా. కనిపించగానే పక్కకి ఆపి, దిగి, టీ తాగేవాణ్ణి. వాళ్ళు కదిలాక కదిలేవాణ్ణి."

"ఓరి నాయనో! మా అమ్మాయి పెళ్ళి బట్టలకి వెళ్ళినప్పుడు దారిలో తొమ్మిది టీలు తాగించారు! మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది, అన్నయ్యగారిది ఎంత పెద్ద చెయ్యి, అడుగడుగునా ఆపి మర్యాద చేశారు అని!"

"తొమ్మిదోచోట వాళ్ళే వచ్చి మన బల్ల మీద కూర్చున్నారు. వాళ్ళకీ నేనే తాగించాను."

"నవ్వాలో ఏడవాలో... బావా, జిగురు చూడండి. చిటచిటమంటోంది. వేళయింది. ఆ చివర పట్టండి."

"పట్టను."

"బావా!"

"పది నిమిషాలురా. పది నిమిషాలు మనం చేతులు కట్టుకుని కూర్చుంటే అదే ఎండిపోతుంది. డబ్బా ఒకటే అంది కదా. 'ఎండిపోయింది, ఏం చేస్తాం' అందాం. కాగితం గడువు రేపటితో పోతుంది. మళ్ళీ కాగితం తెచ్చుకుని పరీక్ష దాకా వచ్చేసరికి ఆరునెలలు. ఆలోపు నేను ఏదో ఒకటి చేస్తాను."

"ఏదో ఒకటంటే? పరీక్షకి వెళ్తారా?"

"వెళ్తానో, కారే అమ్మేస్తానో. నిన్ను నేను ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఇదొక్కటి."

"ఆరునెలలు బావా. తెల్లారకుండా లేచి, వానొచ్చినా మానకుండా, ఆ మైదానం చుట్టూ తిరిగింది అక్క. మోకాళ్ళు పట్టేస్తే తైలం రాసుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ మొహం చూసి ఎండిపోయిందని నేనెలా చెప్పను?"

"నువ్వు చెప్పకు. నేను చెబుతాను. నాకు అలవాటే."

"అలవాటు తెలుస్తూనే ఉంది."

"అయిదు నిమిషాలైంది. ఇంకో అయిదు."

"నా వల్ల కాదు. మంచి గుడ్డ, మంచి జిగురు, కళ్ళ ముందు పాడైపోతుంటే చేతులు దురద పెడుతున్నాయి నాకు."

"జేబులో పెట్టుకో చేతులు."

"టీ తెచ్చానురా! అయ్యో, ఇంకా పరవలేదా? ఏం చూస్తున్నారిద్దరూ ఒకరి మొహం ఒకరు?"

"అక్కా, అదీ... బావ ఏమంటున్నాడంటే..."

"ఎండిపోయిందోయ్. ఏం చేస్తాం."

"ఎండలేదు. ఇదిగో, నా వేలికి లాగుతోంది. ఏమండీ, ఆ రెండు మూలలూ పట్టండి. తమ్ముడూ, ఇటువైపు రెండూ నువ్వు. బిగించి పైకెత్తండి. నేను మధ్యలోంచి నొక్కుకుంటూ వస్తాను. చెయ్యి మాత్రం వదలొద్దు, వదిలితే పడిన చోట పడినట్టే అంటుకుపోతుంది, మళ్ళీ రాదు."

"నాకు నడుం..."

"నడుం సంగతి తర్వాత. ఎత్తండి! ఆఁ... ఇప్పుడు దించండి, నెమ్మదిగా. మధ్యలో పట్టింది. తమ్ముడూ, నీ మూల లాగు. లూజు వదలకు."

"ఈ జన్మలో వదలనక్కా."

"ఏమండీ, లైసెన్సు తీసి పెట్టారా?"

"ఇప్పుడెలా? రెండు చేతులూ గుడ్డకే సరిపోయాయి."

"నోరు ఖాళీగానే ఉందిగా. ఎక్కడుందో చెప్పండి, నేను తీస్తాను."

"చెక్క బీరువాలో చూశావా?"

"చూశాను."

"ఇనప్పెట్టెలో?"

"చూశాను."

"మా అన్నయ్య వాళ్ళింట్లో ఏమైనా..."

"అడిగాను."

"అంత వెతికావా! ఎప్పుడు వెతికావు?"

"గట్టిగా పట్టుకోండి, మీ మూల జారుతోంది."

"కత్తెరా, నువ్వు చెప్పరా."

"ఈ వాసనకి నాకు నోరు పెగలడం లేదు బావా."

"...లేదోయ్."

"ఏది లేదు?"

"లైసెన్సు."

"పోయిందా?"

"పోలేదు. అసలు లేదు. ఎప్పుడూ లేదు."

"మీ అంచు దగ్గర మడత పడింది. సరిచెయ్యండి."

"నేనన్నది వినబడిందా?"

"వినబడింది. ముందు మడత."

"సరిచేశాను. ఏమీ అనవేం? రేపు నిన్ను గేటు దగ్గర్నించే వెనక్కి పంపిస్తారు. నా వల్లే. కేకలెయ్యి. తిట్టు. మీ తమ్ముడి ముందైనా ఫరవాలేదు."

"నన్నెందుకు పంపిస్తారు? పక్క సీట్లోకి ఎదురింటి నర్సు వస్తోంది. ఆవిడకి పదేళ్ళ నాటి లైసెన్సు ఉంది. వారం కిందే మాట్లాడుకున్నాను."

"మరి నన్నెందుకు అన్నిసార్లు అడిగావు?"

"మీ నోటితో మీరే చెబుతారేమోనని."

"అంటే నీకు..."

"నాలుగేళ్ళ కింద మీరు జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, ఫోటో ఉన్న కాగితం ఏదైనా తెమ్మన్నారు అక్కడ. లైసెన్సు ఉంటుంది కదా అని ఇల్లంతా వెతికాను. దొరక్క, నకలు ఇప్పించమని ఆ ఆఫీసుకే వెళ్ళాను. వాళ్ళు పుస్తకాలన్నీ తిరగేసి, అలాంటి మనిషే లేడన్నారు."

"అక్కా! నాలుగేళ్ళా! తెలిసి కూడా ఈయన పక్కన కూర్చుని తిరిగావా?"

"నువ్వుండరా. ఏమోయ్, అంతా తెలిసీ ఒక్క మాటైనా అనలేదేం? ఈ వయసులో నీకు కారు మోజు పట్టిందని నేనేమో ఊరంతా చెప్పి నవ్వాను!"

"అంటే మీరు నడపడం మానతారా? మానరు. మనిద్దర్లో ఒక్కరికైనా ఉండాలనేగా, ఈ వయసులో నేను నేర్చుకున్నది."